కప్‌కేకులు, కూలి లెక్క
(సమాఖ్య వార్షిక మహాసభలో ఒక పొదుపు సంఘం సభ్యులు చేసిన ప్రసంగ పాఠం)



మమ్మల్ని మాట్లాడమన్నప్పుడు, రుణాల గురించి చెప్పాలా, బ్యాంకు లింకేజీ గురించి చెప్పాలా అని అడిగాం. “మీరు కేకులు చేస్తున్నారంట గదా, అది చెప్పండి చాలు” అన్నారు. సరే, అదే చెబుతాం. కాకపోతే కేకుల దగ్గర మొదలుపెడితే మా మాట పుస్తకాల దగ్గర తేలుతుంది. కొంచెం ఓపిగ్గా వినండి.

మా సంఘంలో పన్నెండు మందిమి. 2006లో పెట్టుకున్నాం. అప్పటినుంచి మా మినిట్సు పుస్తకం, పొదుపు పుస్తకం, అప్పుల లెడ్జరు, అన్నీ ఒక్క మనిషే రాస్తా వచ్చింది. ఆమెను ఊళ్లో అందరం పుస్తకాలక్క అంటాం. పదో తరగతి దాకా చదివింది. మాలో వేలిముద్ర వేసేవాళ్లం నలుగురం ఉంటే, నలుగురికీ సంతకం నేర్పింది ఆమే. మాలో ఒకామెకు భర్త పోయినప్పుడు బీమా కాగితాలు పట్టుకుని బ్యాంకు చుట్టూ పదకొండుసార్లు తిరిగింది. ఛార్జీలు సంఘం ఖర్చులో రాసుకోవే అంటే, ఎలాగూ టౌన్లో నాకూ పనుంది అనేది. ఏ పనీ ఉండేది కాదని మా అందరికీ తెలుసు.

2024 మే నెలలో, ఒక మీటింగులో ఆధార్ కార్డుల సంగతి వచ్చింది. మాలో సగం మందికి పుట్టినరోజు జనవరి 1. ఎవరో టకటకా కొట్టేసిన తేదీ అది. పుస్తకాలక్కకూ అదే. “నిజానికి నేను రోహిణి కార్తెలో పుట్టానంట. బావిలో చేద వేస్తే బురద వచ్చిన ఏడు అని మా అమ్మ చెబుద్ది” అంది. సంవత్సరం లెక్కేస్తే ఆమెకు ఆ రోహిణికి యాభై నిండుతాయి. “ఎప్పుడన్నా పుట్టినరోజు చేసుకున్నావా అక్కా?” అని అడిగితే, “మాకెవరు చేస్తారమ్మా, పిల్లలకు చేశాం” అని నవ్వి, పొదుపు వసూలు చేసుకుంది.

ఆ రోజు ఇంటికి పోతా పోతా మేము ఐదుగురం అనుకున్నాం, ఈ రోహిణికి ఆమె పుట్టినరోజు చేద్దామని. పెద్ద కేకు కొంటే ఒక్కటే కోస్తారు, పిల్లలకు ముక్క అందీ అందకా పోద్ది. మాలో ఒకరి కోడలు, “అత్తా, కప్‌కేకులు చేద్దాం. మనిషికి ఒకటి, కోసే పని లేదు, పంచే గొడవ లేదు” అంది. చిన్న కప్పుల్లో కాలుస్తారు కాబట్టి ఆ పేరు. మన గుంటపొంగణాల లాంటిదే అనుకోండి, పెనం బదులు ఓవెన్.

మనిషికి 150 వేసుకున్నాం, 750 రూపాయలు అయింది. సంఘం డబ్బు పైసా ముట్టుకోలేదు. ముట్టుకుంటే ఆమెకే తెలిసిపోద్ది గదా, పుస్తకం ఆమె చేతిలో ఉంది!

ఇక చేసిన తీరు చెబుతాం. తప్పులు దాచకుండా చెబుతాం, మీరన్నా ఆ తప్పులు చేయకుండా ఉంటారు.

మూడు రోజుల ముందు కుక్కర్లో ఇసుక పోసి, గాస్కెట్టూ విజిలూ తీసేసి ప్రయత్నం చేశాం. పెద్ద కేకు అయితే కుక్కర్లో బాగానే వస్తుంది. ఈ చిన్నవి మాత్రం అడుగున మాడాయి, పైన పచ్చిగా ఉన్నాయి. కుక్కర్లో వేడి అంతా కింద నుంచే వస్తుంది. చిన్న కప్పు కదా, పైభాగం ఉడికేలోపే అడుగు మాడుతుంది. అప్పుడు ఆ కోడలు పుట్టింటి నుంచి తెచ్చుకుని అటక మీద పెట్టిన ఓటీజీ దింపాం. కరెంటు ఓవెన్ అది, కిందా పైనా రెండు వైపులా కడ్డీలుంటాయి. ఆరు కప్పుల ట్రే ఒకటి పట్టింది.

కొలత రాసుకోండి. పన్నెండు కప్‌కేకులకు 150 గ్రాముల మైదా, 120 గ్రాముల పంచదార పొడి, రెండు గుడ్లు, 90 మిల్లీలీటర్ల వాసన లేని నూనె, 100 మిల్లీలీటర్ల పాలు, చిన్న చెంచాతో ఒకటిన్నర చెంచా బేకింగ్ పౌడరు, ఒక చెంచా వెనీలా ఎసెన్సు, చిటికెడు ఉప్పు. మైదా, బేకింగ్ పౌడరు, ఉప్పు కలిపి రెండుసార్లు జల్లించాలి. గుడ్లు, పంచదార బాగా గిలక్కొట్టి నూనె పొయ్యాలి, ఆ తర్వాత పిండీ పాలూ కొంచెం కొంచెంగా కలుపుకోవాలి. పిండి కలిసిన తర్వాత ఇంక తిప్పకూడదు. చపాతీ పిండిని పిసికే కొద్దీ సాగుతుంది చూడండి, ఇక్కడ ఆ సాగుడే వద్దు, కేకు గట్టిపడిపోద్ది. కాగితం కప్పులో మూడింట రెండు వంతులే పొయ్యాలి. ఓవెన్‌ను పది నిమిషాలు ముందే వేడిచేసి, 180 డిగ్రీల మీద 18 నుంచి 20 నిమిషాలు. అగరుబత్తి పుల్ల కాదమ్మా, శుభ్రమైన చీపురుపుల్ల కూడా కాదు, టూత్‌పిక్ గుచ్చితే పిండి అంటుకోకుండా రావాలి.

శనివారం గుడ్డు ముట్టనివాళ్లు, అసలు గుడ్డే తిననివాళ్లు మన సంఘాల్లో చాలామంది. వాళ్ల కోసం గుడ్లు తీసేసి 150 గ్రాముల పెరుగు, అర చెంచా వంటసోడా వేశాం. బేకింగ్ పౌడరు ఒక చెంచాకు తగ్గించి, పాలు సగానికి తగ్గించాం. పెరుగులోని పులుపు, సోడా కలిస్తే బుడగలొచ్చి కేకు పొంగుతుంది. వాటికి గిన్నె వేరు, గరిటె వేరు, కాగితం కప్పు రంగు కూడా వేరు. అడక్కముందే చెప్పడం మన బాధ్యత.

పుట్టినరోజు నాడు ఎండ రాకముందే అయిపోవాలని పొద్దున ఐదింటికే మొదలుపెట్టాం. నలభై ఎనిమిది చేద్దామని మొత్తం పిండి ఒకేసారి కలిపేశాం. అదీ మేము చేసిన మొదటి తప్పు. ఓవెన్లో ఒకసారికి ఆరే పడతాయి. ఎనిమిది వాయిలు. వాయికి పాతిక నిమిషాలు చొప్పున మూడు గంటల పైనే. బేకింగ్ పౌడరు తడి తగిలిన దగ్గరనుంచి పని మొదలుపెడుతుంది, ఆ వేడికి ఇంకా తొందరగా. ఆరు వాయిల దాకా బాగానే వచ్చాయి. ఏడు, ఎనిమిది వాయిలు అప్పాల్లాగా అణిగిపోయాయి. ఆ పన్నెండూ పిల్లలకు పెట్టేసి, పన్నెండింటికి మళ్లీ కొత్తగా పిండి కలిపాం. అప్పటినుంచి పన్నెండింటికి మించి ఒకసారి కలపం. ముందే కలుపుకోవాలనుకుంటే పొడి పిండి అంతా జల్లించి కొలిచి పొట్లాలు కట్టుకుంటాం. తడి మాత్రం కాల్చే ముందే.

రెండో తప్పు, వెన్న క్రీము. ఫోన్లో చూసి, బటరు, పంచదార పొడి గిలక్కొట్టి, పాలిథిన్ కవరు మూల కత్తిరించి గులాబీలు పెట్టాం. ఎంత ముచ్చటగా వచ్చాయో! ఫొటోలు కూడా తీసుకున్నాం. రెంటచింతల పేరు చెబితే ఎండ గుర్తొచ్చే జిల్లా మనది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని ఊరికే అన్నారా? ఫోన్లో చూస్తే 42 డిగ్రీలు. వెన్న 35 డిగ్రీల లోపలే కరుగుతుంది. పదకొండు గంటలకు గులాబీలు మెల్లగా వంగాయి. పన్నెండుకల్లా కేకుల మీద నుంచి జారి పళ్లెంలో మడుగు కట్టాయి. ఫ్రిజ్‌లో పెడదామంటే నలభై ఎనిమిది పట్టే ఫ్రిజ్ ఎవరింట్లో ఉంది? పైగా ఆ సమయానికి కరెంటు కూడా పోయింది.

మాలో ఒకామె ఏడుపు ముఖం పెట్టింది. ఇంకొకామె, “బజారుకి పోయి జిలేబీ తెద్దాం, ఇవెందుకు” అంది. కోడలు పిల్ల మాత్రం చెంచాతో క్రీము అంతా గీకి గిన్నెలో వేసింది. “అత్తా, కరిగేదాన్ని పెట్టుకుంటేగా బాధ. ఎండకు గట్టిపడేది పెడదాం. అప్పడాలు, వడియాలు మనం ఎండను నమ్ముకునేగా పెడతాం” అంది.

ఆ పిల్ల చేసింది ఇది. 200 గ్రాముల పంచదార పొడిలో చిన్న చెంచాతో ఎనిమిది చెంచాల దాకా నిమ్మరసం, కొంచెం కొంచెంగా వేసి, ఇడ్లీ పిండి కన్నా చిక్కగా కలిపింది. కేకును తలకిందులు చేసి అందులో ముంచి తీసింది. గంటలో పైన తెల్లటి పొరలాగా ఆరిపోయింది. అందులో కొవ్వు లేదు గదా, కరగడానికి ఏముంది? నిమ్మ పులుపు తగిలి తీపి కూడా మొహం మొత్తలేదు.

పూల కోసం పాలపొడి, పంచదార పొడి సమానంగా తీసుకుని, తగినంత గడ్డపాలు, అదే డబ్బాలో వచ్చే కండెన్స్‌డ్ మిల్క్, పోసి చపాతీ ముద్దలా కలిపాం. గోరంత గోరంత తీసి మల్లెమొగ్గలు చేశాం. పుస్తకాలక్కకు మల్లెపూలంటే ప్రాణం, ఎండాకాలమంతా జడలో మూర మల్లెలు ఉండాల్సిందే. ఊళ్లో దొరికే నిజం మల్లెలే పెడదామని ఒకరన్నారు గానీ, వాటి మీద ఏం మందు కొట్టారో ఎవరికి తెలుసు? తినేదాని మీద తినే పువ్వే ఉండాలి. ఆకుల కోసం టూటీఫ్రూటీలో పచ్చరంగువి ఏరి పెట్టాం. అదీ మన పచ్చి బొప్పాయి ముక్కేనండీ, పంచదార పాకంలో వేసి రంగు కలుపుతారు. మేము వేరే రంగులేం వాడలేదు. వాడాలనుకునేవాళ్లు ప్యాకెట్టు మీద ఆహారానికి వాడే రంగు అని రాసి, ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు ఉన్నదే కొనండి. సంతలో పొట్లం కట్టి ఇచ్చే రంగులు వద్దు. బీట్‌రూట్ రసం రెండు చుక్కలు వేసినా ముద్దు గులాబీ రంగు వస్తుంది.

సాయంత్రం పొద్దు వాలాక గ్రామ సంఘం భవనంలో అందరం చేరాం. మీటింగు అని చెప్పి ఆమెను పిలిపించాం. పుస్తకాల సంచి తగిలించుకుని వచ్చింది. బల్ల మీద నలభై ఎనిమిది కేకులు, ఒక్కోదాని మీద మూడు మల్లెమొగ్గలు. ఏంటిది అన్నట్టు చూసింది. పిల్లలు పాట పాడారు. ఆమె చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అడిగిన మొదటి మాట, “ఎంతయింది?” అని. మేమంతా గొల్లున నవ్వాం. ఒకటి తిన్నది. ఒకటి కాగితంలో చుట్టి, ఇంటి దగ్గర మంచాన ఉన్న వాళ్లమ్మకు తీసుకుపోయింది. రోహిణిలో పుట్టావని చెప్పిన ఆ తల్లికి.

కథ ఇక్కడితో అయిపోతే ఈ రోజు మీ ముందు నిలబడి చెప్పాల్సిన పని లేదు. అసలు సంగతి దీని తర్వాత మొదలైంది.

ఆ కేకులు తిన్నవాళ్లలో ఒకామె, జూన్‌లో మా మనవడి మొదటి పుట్టినరోజుకు వంద కావాలి అంది. ధర ఎంత అంటే మాకు నోరు పెగల్లేదు. “మన సంఘం వాళ్లేగా, పది రూపాయలు చేసుకోండి” అని ఆమే చెప్పేసింది. సరే అన్నాం. తర్వాత ఓణీల ఫంక్షన్‌కు అరవై, బడి టీచరమ్మ రిటైర్‌మెంటుకు యాభై. రెండు నెలల్లో మా ఐదుగురి డబ్బాలో నోట్లు కనబడ్డాయి. వ్యాపారం బాగుందనుకున్నాం. ఆగస్టు మీటింగులో గొప్పగా చెప్పాం కూడా.

పుస్తకాలక్క అందరూ పోయాక మమ్మల్ని ఆపింది. “ఆ వంద కేకుల లెక్క చెప్పండి” అంది. చెబుతా ఉంటే తెల్లకాగితం మీద రాసింది. ఆ కాగితం ఇప్పటికీ మా దగ్గర ఉంది, అదే చూసి చదువుతున్నాం.

మైదా, పంచదార, గుడ్లు, నూనె, పాలు, కాగితం కప్పులు, పైన అలంకారం, అన్నీ కలిపి వందకు 600 రూపాయలు. కరెంటు 40. అట్టపెట్టెలు 80. ఆటో 60. మొత్తం 780. వచ్చింది వెయ్యి. మిగిలింది 220.

“ఎంతమంది పని చేశారు?” ముగ్గురం. “ఎన్ని గంటలు?” ఏడేసి గంటలు. వందకు పదిహేడు వాయిలు గదా. ముగ్గురు, ఏడు గంటలు అంటే ఇరవై ఒక్క గంట. 220ని 21తో భాగించింది. గంటకు పది రూపాయల యాభై పైసలు కూడా రాలేదు.

“ఉపాధి హామీ పనికి ఈ ఏడాది మన రాష్ట్రంలో రోజు కూలి 300. మీరు పొయ్యి ముందు, అదీ ఎండాకాలంలో, నిలబడి గంటకు పది రూపాయలకు చేశారు. మిరపకాయలు కోసుకున్నా ఇంతకన్నా మేలు” అంది. కోపంగా అనలేదు. మాకే తల దించుకోవాలనిపించింది.

మాలో ఒకామె, “ఇంట్లో కూర్చుని చేసేదేగా అక్కా, అది కూలి ఎట్టా అవుద్ది?” అంది. అప్పుడు ఆమె చెప్పిన మాట ఇది. “మీ లెక్కలో కోడిగుడ్డు ఉంది, ఆటో ఉంది, కాగితం కప్పు కూడా ఉంది. మీరు లేరు. మీరు లేకపోతే ఆ కేకు ఎట్టా వచ్చింది?”

ఆ రాత్రి మళ్లీ లెక్క వేసుకున్నాం. ఇరవై ఒక్క గంట అంటే ఎనిమిది గంటల పనిదినాలు రెండున్నర పైచిలుకు. రోజుకు 300 చొప్పున దాదాపు 790 రూపాయలు. ఖర్చు 780, కూలి 790. ఒక్కో కేకు మాకే పదిహేను రూపాయల డెబ్బై పైసల దాకా పడుతోంది. దాన్ని పదికి అమ్ముతున్నాం! అంటే కేకు కేకుకూ మా కూలిలోనుంచి ఐదు రూపాయల పైన పోగొట్టుకుంటున్నాం. డబ్బాలో కనబడిన నోట్లు లాభం కాదు, మా కూలిలో మిగిలిన చిల్లర.

ధర 20 పెట్టాం. చెప్పడానికి ఎంత సిగ్గుపడ్డామో! మొదటి వారమే ఒక ఆర్డరు పోయింది. “అప్పుడు పదికిచ్చారుగా, ఇప్పుడు గొప్పోళ్లయ్యారా” అన్నారు. ఆ మాట పడటం కష్టంగానే ఉంది. బేరం ఆడినవాళ్లకు ఆ కాగితమే చూపించాం. కొంతమంది చూసి ఒప్పుకున్నారు. కొంతమంది పోయారు. ఇప్పుడు నెలకు మూడు నాలుగు ఆర్డర్లు వస్తున్నాయి. ఇదివరకటి కన్నా ఎక్కువేం కాదు.

సంఘం అంతర్గత అప్పు 8,000 తీసుకుని, నూటికి రూపాయి వడ్డీతో, పెద్ద ఓవెన్ కొన్నాం. పన్నెండు కప్పుల ట్రే పడుతుంది. వందకు తొమ్మిది వాయిలే. ఏడు గంటల పని ఐదు గంటలకు వచ్చింది. ఇప్పుడు వంద కేకులకు 2,000 వస్తే, ఖర్చు 780, ముగ్గురి పదిహేను గంటల కూలి 560 దాకా. ఇంకా 650 రూపాయల దాకా మిగులుతుంది. అందులోనుంచే ఓవెన్ వాయిదా కడుతున్నాం. కూలి ఏ రోజుది ఆ రోజే ముగ్గురి పేరు మీద రాసి పంచుకుంటున్నాం.

ఇంట్లో చేసి అమ్మినా ఆహార భద్రత రిజిస్ట్రేషన్ ఉండాలని పుస్తకాలక్కే చెప్పింది. మేము తీసుకున్నప్పుడు మాలాంటి చిన్న వ్యాపారానికి ఏడాదికి 100 రూపాయల ఫీజు ఉండేది. 14 అంకెల నంబరు వస్తుంది. ఆ నంబరు, చేసిన తేదీ, ఎప్పటిలోగా తినాలన్నది పెట్టె మీద రాస్తున్నాం. గుడ్డు వేసినవి మాంసాహారం కింద లెక్క, వాటి మీద గోధుమరంగు త్రికోణం గుర్తు ఉండాలి. గుడ్డు లేనివాటికి పచ్చ చుక్క. ఎండాకాలంలో రెండో రోజు దాటి తినొద్దని చెప్పి మరీ ఇస్తాం. పెరుగు వేసినవి అయితే చేసిన రోజే. క్రీము పెట్టమని అడిగితే ఎండాకాలం ఆర్డరు తీసుకోం. పోతే పోయింది.

ఇంకొక్క మాట చెప్పి ముగిస్తాం. అసలు మేము వచ్చింది ఈ మాట కోసమే.

ఆగస్టులో ఆ లెక్క వేసిన రాత్రి, కాగితం మడిచి మా చేతికిచ్చి పుస్తకాలక్క సంచి సర్దుకుంటోంది. మాలో అందరికన్నా చిన్నది, ఆ కోడలు పిల్ల, ఊరికే అడిగినట్టు అడిగింది. “అక్కా, మరి మన లెడ్జర్లో నీ కూలి ఎక్కడుంది?”

ఎవరం మాట్లాడలేదు. పద్దెనిమిది ఏళ్లు. నెలకు రెండు మీటింగులు, పన్నెండు మంది పాసు పుస్తకాలు, బ్యాంకు తిరుగుళ్లు, ఆడిట్ వచ్చినప్పుడు రాత్రి దాకా కూర్చోవడం. మన సంఘాలకు పంచసూత్రాలు అంటాం గదా. క్రమం తప్పని సమావేశం, పొదుపు, అంతర్గత అప్పు, తిరిగి చెల్లింపు, పుస్తకాల నిర్వహణ. నాలుగు సూత్రాలు పన్నెండు మందిమి పాటిస్తున్నాం. ఐదోది ఒక్క మనిషి మీద వేసి, ఆమెకు రూపాయి ఇవ్వకుండా పద్దెనిమిదేళ్లు నడిపాం. పైగా మంచిదమ్మా అనుకున్నాం. కేకు చేసిన మాకు మేము కనబడనట్టే, లెక్క రాసిన ఆమె లెక్కలో లేదు. గంటకు పది రూపాయలైనా మాకు వచ్చాయి. ఆమెకు అదీ లేదు.

ఆమె మాత్రం, “నాదేముందిలే, పడుకోండి” అని వెళ్లిపోయింది.

తర్వాతి మీటింగులో తీర్మానం పెట్టాం. సభ్యురాలికి నెలకు 20 రూపాయలు, ఆమెది కూడా కలిపి పన్నెండు మందికి 240. పుస్తకాలు రాసినందుకు పారితోషికం. ఆమె ఒప్పుకోలేదు. సంఘానికి భారం అంది. మేము పట్టుబట్టాం. “సరే, మీ ఇష్టం, కానీ నా పేరు నేను రాసుకోను” అంది. దాంతో మినిట్సు పుస్తకం మేమే తీసుకున్నాం. ఆమె నేర్పిన అక్షరాలతో, మాలో ఒకామె, ఒకప్పుడు వేలిముద్ర వేసినామె, ఆ తీర్మానం రాసింది. అరగంట పట్టింది. రెండు చోట్ల కొట్టివేతలు ఉన్నాయి. పద్దెనిమిది ఏళ్ల పుస్తకంలో వేరే చేతిరాత ఉన్న పేజీ అదొక్కటే.

సభలోని అక్కలకు, చెల్లెళ్లకు మా మనవి రెండే. ఒకటి, పచ్చళ్లు, పొడులు, కుట్టుపని, కేకులు, ఏది చేసి అమ్ముతున్నా లెక్క కాగితంలో సరుకుల కింద ఇంకో గీత గీయండి. అక్కడ ఎంతమంది, ఎన్ని గంటలు అని రాయండి. ధర చెప్పే ముందు ఆ గీత చూసుకోండి. తగ్గించి ఇవ్వాలనుకుంటే ఇవ్వండి, మన ఇష్టం. కానీ ఎంత తగ్గిస్తున్నామో తెలిసి ఇవ్వాలి. రెండు, ఇంటికి వెళ్లాక మీ సంఘం పుస్తకం తెరిచి, అది ఎవరి చేతిరాతో చూడండి. ఆమెకు ఏమిస్తున్నారో చూడండి. ఏమీ ఇవ్వకపోతే వచ్చే మీటింగులో మాట్లాడండి.

మా పుట్టినరోజు కేకులకు మాత్రం ఇప్పటికీ కూలి రాసుకోలేదు. స్నేహితురాలి కోసం చేసినదానికి లెక్క కట్టం. అది మేము తెలిసి ఇచ్చింది. తర్వాతి రోహిణికి ఆమెకు యాభై ఒకటి. ఈసారి మల్లెమొగ్గలు తనే చేస్తానంది. వద్దన్నాం.

 బయట బల్ల మీద కేకులు ఉన్నాయి, పచ్చ చుక్క ఉన్న పెట్టెలో గుడ్డు లేనివి. తిని వెళ్లండి.